వెల యియ్యని వెలుగు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 24:18–25, యోబు 28



దావీదు రాజు దేశములోని తెగులు ఆగవలెనని బలిపీఠము కట్టబోయినప్పుడు, యెబూసీయుడైన అరౌనా తన కళ్లమును, ఎడ్లను, నూర్చు సామానును ఊరకనే యిచ్చుటకు ముందుకు వచ్చెను. రాజు దానికి ఒప్పుకొనలేదు. తన చేతినుండి ఏమియు ఖర్చు కాని దానిని దేవుని యెదుట పెట్టుటకు ఆయనకు మనసు రాలేదు. ఏబది తులముల వెండి తూచి యిచ్చి, ఆ తరువాతనే నిప్పు రాజవేసెను.

ఈ భాగమును మేము ఎన్ని పర్యాయములు చదివి ప్రసంగించితిమో లెక్కలేదు. కళ్లము, ఎడ్లు, నూర్పిడి మన పల్లెలకు తెలిసిన సంగతులు గనుక వినువారికి సులభముగా నుండును. అయితే దాని పదును మాకు తగిలినది కళ్లములో కాదు. 2022వ సంవత్సరము జూన్ మాసమందు, హైదరాబాదులోని తార్నాకలో, ఒక మేడమీది గదిలో తగిలినది. ఆ సంగతి వ్రాయుటకు ఇంతకాలము వెనుదీసితిమి, ఏలయనగా అందులో మా తప్పిదము కూడ కొంత గలదు. పేర్లు లేకుండ వ్రాయవచ్చునని ఆ కుటుంబమువారు ఇప్పుడు సమ్మతించిరి గనుక వ్రాయుచున్నాము.

మా పాస్టరేటులోని ఒక రైతు ఆదివారపు ఆరాధన ముగిసినమీదట, అందరును వెళ్లువరకు నిలిచి, మా వరండాలో కూర్చుండెను. ఆయన మితభాషి. పత్తి ధరను గూర్చి రెండు మాటలు చెప్పి తుదకు అసలు సంగతికి వచ్చెను. ఆయన కుమారుడు ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఎమ్మెస్సీ చదువుచు తార్నాకలో గది అద్దెకు తీసికొనియుండెను. ఆ పిల్లవాడు ఏప్రిల్ నెలలో కొన్ని కంప్యూటరు సామానులు కొని, వాటిని ఒకటిగా కలిపి, పగలును రాత్రియు నాణెములు త్రవ్వు యంత్రమును చేసెననియు, దానికి మూడు లక్షలు పట్టెననియు, ఆ మూడు లక్షలును ఎకరము పొలము తాకట్టు పెట్టి తెచ్చితిననియు చెప్పెను.

“మొదట్ల దినానికి ఐదారు వందలు వచ్చినయి అయ్యగారూ, కూసున్న కాడనే. ఇప్పుడు జర తగ్గినయి. ఇంకో ఎకరం పెట్టి ఇంకొన్ని కొంటే సరిపోతదంటుండు. గదిలో అయితే కరెంటు కర్సు. మన బోరు మోటారు కాడికి తెస్తే ఆ బాధ లేదు గద? అక్కడ బిల్లే రాదు.”

తరువాత గొంతు తగ్గించి, “వచ్చినదాంట్ల పదో వంతు మందిరం కప్పుకు ఇస్తనని దేవునికి మాటిచ్చిన,” అనెను.

మా మందిరపు కప్పు సంగతి మీరెరుగుదురు. వేదిక ప్రక్కన రేకులు తుప్పుపట్టి, వాన వచ్చినప్పుడు ప్రసంగము ఆపి బల్లను జరుపుకొనవలసి వచ్చుచున్నది. కాబట్టి దాచక చెప్పుచున్నాము: ఆ మాట వినగానే మా మనసు ఆయన ప్రక్కకు ఒరిగెను. బోరు కరెంటు సంగతి విని కూడ మేము వద్దనలేదు. “చూచి చెప్పెదము” అంటిమి. కాదనుటకు ఇష్టములేనివాడు చెప్పు మాట అది.

చూడక సలహా చెప్పుట తగదని, ఆ వారములోనే సికింద్రాబాదులో రైలు దిగి, మెట్రోలో తార్నాకకు పోతిమి. తార్ అనగా తీగ, నాకా అనగా కావలి చౌకి. ఒకప్పుడు తీగ కంచె వేసి కావలి పెట్టిన స్థలమని ఆ పేరును గూర్చి పెద్దలు చెప్పుదురు. ఇప్పుడు కంచె లేదు. ఒకవైపు రసాయన శాస్త్ర పరిశోధనాలయము, ఒకవైపు 1918లో నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్థాపించిన విశ్వవిద్యాలయపు ప్రాంగణము, నడుమ హోటళ్లు, పుస్తకపు అంగళ్లు, మేడలమీద విద్యార్థుల అద్దె గదులు.

ఆ గది తలుపు తీయగానే వడగాలి ముఖమునకు కొట్టెను. మంచము గోడకు నిలబెట్టియుండెను, ఏలయనగా పరచుటకు చోటు లేదు. పిల్లవాడు నేలమీదనే పండుకొనుచుండెను. చెక్కతో చేసిన ఒక మంచెవంటిదానిమీద ఆరు గ్రాఫిక్స్ కార్డులు వరుసగా నిలిచియుండెను. బొమ్మల ఆటలు చక్కగా కనబడుటకై చేయబడిన పలకలవి. ఒక్కొక్కదానికి రెండేసి చిన్న పంకాలు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో అంగడి అంగడి తిరిగి కొనెనట. మూడేసి కార్డులు ఒక్కొక్క కంప్యూటరుకు తగిలించి, ఆ రెండింటిని తీగతో కలిపి, ఒక పాత కంప్యూటరును వాటిమీద మేస్త్రీగా పెట్టెను.

ఈ విద్య చెడ్డది కాదని ముందుగా చెప్పవలెను. 1994లో అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అను ఇద్దరు, కోట్ల ఖరీదుగల మహాయంత్రము కొనలేక, సాధారణమైన 16 కంప్యూటర్లను ఒకే కాడి క్రింద ఎడ్లవలె కట్టి దున్నించిరి. బీదవారి మహాయంత్రమునకు అది దారి తీసెను. తార్నాకనుండి ఉప్పల్ వైపు కొంచెము దూరము పోయినచో సి.సి.ఎం.బి. అను జీవశాస్త్ర పరిశోధనాలయము గలదు. కరోనా కాలములో అక్కడివారు ఆ క్రిమి జన్యువుల అక్షరములను చదివి, అది ఏయే రూపములు ధరించుచున్నదో తెలిసికొనిరి. ఆ పనికి ఇట్టి కలిపి కట్టిన కంప్యూటర్లే ఆధారము. 2020లో లోకమంతట లక్షలాది జనులు తమ ఇండ్లలోని కంప్యూటర్లను ఫోల్డింగ్ ఎట్ హోమ్ అను పరిశోధనకు ఎరువిచ్చిరి. కాబట్టి పలకలమీద మాకు కోపము లేదు.

మరి ఈ పిల్లవాని పలకలు ఏమి త్రవ్వుచున్నవి? అతడు మాకు బోధించినదానిని మేము గ్రహించినంత చెప్పెదము.

పూర్వము మన గ్రామములలో పట్వారీ యుండెడివాడు. ఎవరి పేర ఎంత భూమి యున్నదో వ్రాయు పుస్తకము అతని చేతిలోనే. అతడు కలము తిప్పినచో ఎకరము ఇటునుండి అటు పోవును. ఆ బాధ మన పెద్దలు ఎరిగినదే. 2008 అక్టోబరు 31న, సతోషి నకమోటో అను మారుపేరుతో ఒకరు, పట్వారీ లేని లెక్క పుస్తకమొకటి ఎట్లు నడుపవచ్చునో కాగితముమీద చూపిరి. ఆ పుస్తకపు నకలు ఎవరైనను ఉంచుకొనవచ్చును. 2009 జనవరి 3న దాని మొదటి పుట వ్రాయబడెను. దాని నాణెమునకు బిట్‌కాయిన్ అని పేరు. సుమారు పది నిమిషములకొక పుట చేరును. అయితే పుట వ్రాయు అధికారము ఎవరిది? అంకెల తాళమొకటి పెట్టబడును. దానికి ఉపాయము లేదు, ఒక్కొక్క అంకె త్రిప్పి చూడవలసినదే. ఎవని యంత్రము ముందుగా తాళము తీయునో వాడు ఆ పుట వ్రాయును, వానికి క్రొత్త నాణెములు కూలిగా పుట్టును. మొదట పుటకు 50 నాణెములు. సుమారు నాలుగేండ్లకొకసారి అది సగమగుచు, 2024 ఏప్రిల్ నుండి మూడు నాణెములకు పైన కొంచెము వచ్చుచున్నది. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించవు. దీనినే “త్రవ్వకము” అందురు. పార లేదు, మన్ను లేదు. తాళము త్రిప్పుటయే త్రవ్వుట.

2013 నుండి బిట్‌కాయిన్‌కు ఆ ఒక్క పనికే పుట్టిన యంత్రములు రాగా, ఇండ్లలోని కంప్యూటర్లు దానితో పోటీ పడలేకపోయెను. అందుచేత మన పిల్లవాడు ఎథీరియం అను వేరొక పుస్తకమునకు కూలి చేయుచుండెను. 2015లో మొదలైన ఆ పుస్తకమునకు ఇట్టి కార్డులే అనుకూలము. కూలి పద్ధతి మాత్రము అటువంటిదే.

ఇక్కడ ఒక సంగతి మమ్మును ఆపివేసెను. మన వరిచేనిలో పదిమంది కలుపు తీయుచోట ఇరువదిమంది దిగినచో పని త్వరగా తెమలును. ఈ గనిలో అట్లు కాదు. బిట్‌కాయిన్ పుస్తకము 2016 పుటలకొకసారి, అనగా దాదాపు రెండు వారములకొకసారి, ఎన్ని యంత్రములు దిగెనో లెక్కచూచుకొని, అంతకు తగినట్లు తాళమును బిగించుకొనును. యంత్రములు రెండింతలైనచో తాళము రెండింతలు కష్టమగును. పుట మాత్రము పది నిమిషములకే వచ్చును. నాణెములు అన్నియే. అనగా క్రొత్తగా దిగినవాడు గనినుండి ఎక్కువ తీయడు. ముందున్నవాని వాటాలో కొంత తీసికొని, లోకపు కరెంటు ఖర్చును మరికొంత పెంచును. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట యజమానుడు సాయంకాలము వచ్చినవానికిని దేనారమిచ్చెను. వాడు ఒక్క గంటయైనను నిజమైన తోటలో నిజమైన పని చేసెను. ఇక్కడ రాత్రంతయు తాళము త్రిప్పిన వేల యంత్రములలో ఒక్కదానికే కూలి. తక్కినవి త్రిప్పిన త్రిప్పుడంతయు గాలిలో కలియును. చిన్నవారందరు గుంపుకట్టి, వచ్చినదానిని పంచుకొందురు గనుకనే మన పిల్లవానికి దినదినము కొంత వచ్చుచుండెను.

“ఆ వృథాయే కాపలా అయ్యగారూ,” అని అతడు చెప్పెను. దొంగ లెక్క వ్రాయదలచినవాడు నిజాయితీపరులందరికంటె ఎక్కువ కరెంటు తగులబెట్టవలెను గనుక దొంగ వెనుదీయునట. అది తెలివిగల మాటయే. మేము కాదనలేదు. గోడ కట్టుటకును ఖర్చగును, గోడను తినము గదా.

తరువాత అతడు ఇంకొక ప్రశ్న వేసెను. “బంగారాన్ని మాత్రం తింటమా అయ్యగారూ? కోలారులో మనవాళ్లు ఎంత లోతుకు దిగిండ్రు?” మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. కోలారు గనులలో తెలుగువారును తమిళులును మూడు కిలోమీటర్ల లోతునకు దిగి పనిచేసిరి. మన పల్లెలలో ఆముదపు దీపములు వెలుగు కాలమున, 1902లోనే, శివనసముద్రపు జలపాతమునుండి ఆ గనులకు కరెంటు తీసికొనిపోయిరి. దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని ఎందరో కృశించిరి. అంత పాటుపడి తెచ్చిన బంగారములో ఎంతో భాగము ఇనుప పెట్టెలలోనికి పోయెను. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడెను. యోబు 28వ అధ్యాయము వ్రాసినవాడు ఇట్టివారిని ఎరిగినవాడే. చీకటిలో దీపము పట్టుకొని, త్రాళ్లకు వ్రేలాడుచు, కొండల వేళ్లను పెల్లగించువారిని ఆయన ఎగతాళి చేయడు. వారి నేర్పును చూచి ఆశ్చర్యపడును. అటుపిమ్మట, జ్ఞానము ఏ గనిలో దొరకునని అడుగును. పిల్లవాని ప్రశ్న న్యాయమైనది. పనికిరాని వస్తువుకొరకు పాటుపడుట ఈనాడు పుట్టినది కాదు. క్రొత్తదానిని దూషించి పాతదానిని మెడలో వేసికొని తిరుగువారికి (మన సంఘములలో అట్టివారు తక్కువ లేరు) తీర్పుతీర్చు హక్కు లేదు.

కాని ఆ గదిలోని గనికి క్రింద ఇంకొక గని గలదు. తెలంగాణలో మనము వాడు కరెంటులో పెద్ద భాగము బొగ్గునుండి పుట్టుచున్నది. కొత్తగూడెములోను గోదావరిఖనిలోను సింగరేణి కార్మికులు త్రవ్వి తీయు బొగ్గు అది. ఒక్క యూనిట్ కరెంటుకు 600 నుండి 700 గ్రాముల బొగ్గు కాలవలెను. ఆ ఆరు కార్డులును దినమునకు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు త్రాగుచుండెను. లెక్క కట్టితిమి: నెలకు దాదాపు అర టన్ను బొగ్గు. ఆ అర టన్ను త్రవ్వినవాడు నిజముగా చెమటోడ్చెను. మేడమీది పలకలకు చెమట లేదు, వాటి పంకాలే వాటికి విసరుచున్నవి.

ఇంతలో ఇంటి యజమానురాలు మమ్మును టీ త్రాగుటకు క్రిందికి పిలిచెను. ఆమె వృద్ధురాలు, విధవరాలు. భర్త రైల్వేలో పనిచేసి గతించెను. ఆయన పింఛనులో సగమును, పైగది అద్దెయు ఆమెకు ఆధారము. అద్దె కరెంటుతో కలిపి మాట్లాడుకొన్నది. ఒక బల్బు, ఒక పంకా కాల్చు విద్యార్థియని ఆమె అట్లు ఒప్పుకొనెను.

ఆమె మాతో తన కష్టము చెప్పుకొనెను. ప్రతి నెల ఆరు వందల లోపు వచ్చు బిల్లు మే నెలకు ఏడు వేలు దాటెనట. ఫ్రిజ్ చెడిపోయెనేమో యని మేస్త్రీని పిలిపింపగా, అతడు చూచినందుకు అయిదు వందలు తీసికొని బాగానే యున్నదనెను. అప్పుడు ఆమె తన కూలరుమీద అనుమానపడి దానిని ఆపివేసెను. ఆ యెండలలో మధ్యాహ్నములు మెట్లక్రింద చాప వేసికొని, తడి తువాలు మెడకు చుట్టుకొని పండుకొనుచున్నదట. “ఈ బాబు మంచోడండి,” అని పిల్లవాని చూపి చెప్పెను, “నేను మెట్లకింద పడుకుంటే రోజూ దిగొచ్చి మంచినీళ్లు ఇస్తాడు.”

పిల్లవాడు తల ఎత్తలేదు. మేమును ఎత్తలేదు.

ఆ సాయంకాలము అతడును మేమును విశ్వవిద్యాలయపు ప్రాంగణములోనికి నడిచిపోతిమి. 1939లో తెరువబడిన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనము ఎదుట పచ్చికమీద కూర్చుంటిమి. పిల్లలు గుంపులుగా కూర్చుండి ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచుండిరి. అట్టి ప్రశ్నల పుస్తకమే ఇతని సంచిలోను ఉండెను. ఉద్యోగము రాదేమోయన్న భయమే అతనిని ఆ పలకలయొద్దకు తీసికొనిపోయెనని అప్పుడు మాకు తెలిసినది. పేరాస అని మేము ఒక్క మాటతో త్రోసివేయుట న్యాయము కాదు.

యజమానురాలి బిల్లును గూర్చి మేము అడుగకముందే అతడు చెప్పెను. మొదటి నెలలోనే ఒప్పుకొందునని తలంచెనట. ఆమె ఫ్రిజ్ సంగతి ఎత్తగానే నోరు మూసికొనెనట. ఒక స్నేహితుడు, “హాస్టలు గదిలో పెట్టుకో, అక్కడ యూనిట్లు ఎవరు లెక్కపెట్టుదురు?” అని సలహా చెప్పెనట. అందుకు మేము మాకు తెలిసిన సంగతులు చెప్పితిమి. అమెరికాలో ప్రభుత్వ విజ్ఞాన నిధితో నడుచు మహాయంత్రములమీద ఒక పరిశోధకుడు రహస్యముగా బిట్‌కాయిన్ త్రవ్వెను. 1,50,000 డాలర్ల విలువగల యంత్రకాలము పాడుచేసి అతడు సంపాదించినది 8,000 నుండి 10,000 డాలర్లని 2014లో ఆ నిధి తనిఖీదారులు వ్రాసిరి. మన ఆంధ్రప్రదేశ్‌లోనే పురపాలక శాఖవారి వెబ్‌సైటులోను, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘముల వెబ్‌సైటులలోను ఎవరో దొంగచాటుగా త్రవ్వకపు సూత్రములు చొప్పించినట్లు 2018 సెప్టెంబరులో బయటపడెను. పన్ను కట్టుటకో, ధృవపత్రమునకో వాటిని తెరచినవాని కంప్యూటరు, వానికి తెలియకయే, ఎవనికో కూలి చేయుచుండెను. “లెక్కపెట్టువాడు లేడన్నంత మాత్రమున చెల్లించువాడు లేడని కాదు,” అని మేము కొంచెము గట్టిగానే చెప్పితిమి.

పిల్లవాడు అంతయు విని, మెల్లగా అడిగెను: “మరి బోరు కాడ పెడ్తనంటే మీరు వద్దనలేదంట గద, అయ్యగారూ? బాపు ఫోన్ల చెప్పిండు.”

దావీదు నాతాను కథ విని కోపముతో తీర్పు చెప్పిన తరువాత, ఆ మనుష్యుడు నీవేయని వినినప్పుడు ఆయనకు ఎట్లుండెనో ఆ పచ్చికమీద మాకు కొంత తెలిసినది. హాస్టలు కరెంటు తప్పని, యజమానురాలి కరెంటు పాపమని చెప్పగలిగిన మేము, బోరు కరెంటు దగ్గర నోరు మెదపలేదు. ఏలయనగా దానిలో పదవ వంతు మా మందిరపు రేకులు కానుండెను.

రైతు సోదరులారా, ఈ మాట మీతో ఓర్పుగా చెప్పవలెను. వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు 2004లో ఉమ్మడి రాష్ట్రమందు వచ్చెను. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి 24 గంటలును ఇచ్చుటకు పూనుకొనిరి. అది రాకముందు బిల్లు కట్టలేక మోటార్లు విప్పి అమ్ముకొన్న ఇండ్లు మనకు తెలియును. దానిని మేము తక్కువ చేయము. కాని అది ఉచితము నీటికే, పైరుకే. విద్యుత్తు సంస్థలకు ఆ సొమ్ము ప్రభుత్వము చెల్లించును. ప్రభుత్వమునకు ఆ సొమ్ము ఎక్కడనుండి వచ్చును? సెంటు భూమియైన లేని మన కూలి సహోదరి అంగడిలో సబ్బు కొన్నప్పుడు చెల్లించు పన్నులో దాని వంతు గలదు. ఆమెకు బోరు లేదు, పైరు లేదు. అయినను అన్నము పండవలెనని ఆమె వంతు చెల్లించుచున్నది. తాళము త్రిప్పు పలకలకని చెల్లించుటలేదు. ఇదియు గాక, మీ బోర్ల ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే. దానిమీద మోయలేని భారము పడి కాలిపోయినచో ఎన్ని దినములు మడులు ఎండునో, బాగుచేయించుటకు ఎన్ని చందాలు పోగుచేయవలెనో మీరు మాకంటె బాగుగా ఎరుగుదురు.

అరౌనా తన యెడ్లను మనఃపూర్వకముగా ఇచ్చెను. ఇచ్చువాడు ఎదుటనే నిలిచియుండెను, ఇష్టపడెను, అయినను రాజు వెల యిచ్చెను. మెట్లక్రింద చాపమీద పండుకొన్న ఆమెను ఎవరైన అడిగిరా? సబ్బు కొన్న కూలి సహోదరిని ఎవరైన అడిగిరా? మేము ఇన్నియేండ్లు ఈ భాగముమీద ప్రసంగించినప్పుడు, దావీదు వెలయిచ్చుట దేవుని యెడల మర్యాద యని మాత్రమే చెప్పితిమి. అరౌనా యెడల మర్యాద కూడ అని ఒక్కసారియు చెప్పలేదు. ఇప్పుడు చెప్పుచున్నాము.

పిల్లవాడు ఆ రాత్రియే యజమానురాలితో ఉన్నది ఉన్నట్లు చెప్పెను. మేము ప్రక్కన నుంటిమి గాని మాట సాయము చేయలేదు. ఆమె చాలసేపు ఊరకుండి, “కూలరు వేసుకోవచ్చా అయితే?” అని మాత్రము అడిగెను. మరునాడు అతడు తన మీటరు తనకుండునట్లు చిన్న మీటరొకటి పెట్టించుకొనెను. పాత బిల్లుల తేడాయు, ఫ్రిజ్ మేస్త్రీకిచ్చిన అయిదు వందలును వాయిదాలుగా తీర్చుటకు ఒప్పుకొనెను. కరెంటు వెల చెల్లించినమీదట లెక్క చూచుకొనగా, దినమునకు మిగులునది వందకు తక్కువ. అందులోనుండి ప్రభుత్వమునకు పన్ను: ఇట్టి నాణెముల లాభముమీద 2022 ఏప్రిల్ నుండి నూటికి 30 వంతులు చెల్లించవలెను. యంత్రమునకైన ఖర్చును అందులోనుండి తగ్గించుకొనుటకు వీలులేదని ప్రభుత్వము పార్లమెంటులో చెప్పియున్నది. బురుజు కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా సువార్తలో చెప్పిన ఉపమానము తండ్రికి చదివి వినిపించితిమి. రెండవ ఎకరము తాకట్టు పెట్టలేదు. మా కొంచెపు బుద్ధిని గూర్చి ఆయనతో ఒప్పుకొంటిమి. ఆయన నవ్వి, “మీ కప్పు గద అయ్యగారూ,” అనెను. ఆ నవ్వు మాకు ఇంకను గుర్తున్నది.

సంఘ పెద్దల కూటములో ఈ సంగతి పెట్టినప్పుడు మేము ఊహింపని మాట ఒకటి లేచెను. ఒక పెద్ద, అందరికంటె వయసు మళ్లినవాడు, “కడమ సంగతులు తరువాత. పోయిన క్రిస్మస్‌కు మందిరం దీపాలు ఎక్కడి కరెంటుతో వెలిగినయి?” అని అడిగెను. అందరును నేల చూచిరి. వీధి స్తంభమునకు కొండి తగిలించి, నాలుగు రాత్రులు మందిరమంతయు, దారి పొడుగునను, రంగురంగుల దీపములు వెలిగించితిమి. ఏటేట అట్లే చేయుచుంటిమి. ఇతరుల పండుగలకును అట్లే చేయుదురు గదా యని ఒకరు అనిరి. దానికి ఎవరును జవాబు చెప్పలేదు. అదే జవాబు.

2022 సెప్టెంబరు 15న ఎథీరియంవారు తాళము త్రిప్పు పద్ధతినే విడిచిపెట్టిరి. నాణెములను పూచీగా పెట్టినవారే పుటలు సరిచూచు పద్ధతి తెచ్చిరి. కరెంటు ఖర్చు నూటికి 99 వంతులకు పైగా తగ్గిపోయెను. పుస్తకము మాత్రము నడుచుచునే యున్నది. ఆ గదిలోని అర టన్ను బొగ్గు లేకయే అది నడువగలిగియుండెను అన్నమాట. బిట్‌కాయిన్ ఇంకను పాత పద్ధతినే పట్టుకొనియున్నది. కార్డుల ధర పడిపోయెను. పిల్లవాడు నాలుగింటిని దొరికిన ధరకు అమ్మి, ముందుగా యజమానురాలి బాకీ తీర్చెను. మిగిలిన రెండింటిని తన చదువుకు ఉంచుకొనెను. మందులకు పనికివచ్చు రసాయనముల ఆకారములను లెక్కించుట వాటిమీద నేర్చుకొనుచున్నాననెను. మూడు లక్షలలో సగమైన తిరిగి రాలేదు. ఎకరము రెండు పత్తి పంటల తరువాత విడిపింపబడెను.

ఆ క్రిస్మస్‌కు పెద్దలిద్దరు విద్యుత్తు కార్యాలయమునకు పోయి, డబ్బు కట్టి తాత్కాలిక మీటరు తెచ్చిరి. డబ్బుకు తగినట్లే దీపములు పెట్టితిమి: గోపురముమీద నక్షత్రమొకటి, వాకిట రెండు బల్బులు. దారి చీకటిగా నుండెను. పిల్లలు చిన్నబుచ్చుకొనిరి. కొందరు లాంతర్లు తెచ్చుకొనిరి.

కప్పు ఇంకను కారుచున్నది. రైతు మాటిచ్చిన పదవ వంతు పత్తి డబ్బులోనుండి రాగా, వేదిక పైనున్న రెండు రేకులు మార్చితిమి. తక్కిన వాటి క్రింద ఈ వానకాలమునను బకెట్లే పెట్టుచున్నాము.